ఇటాలియన్ క్రియల్లో ఊనిక ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీలో చదువుకుంటున్నందువల్ల నేనూ ఆ భాష నేర్చుకుంటున్నాను. ‘వాళ్ళు మాట్లాడతారు’ అనడానికి ‘పర్లానొ’ అంటే, ‘పర్లనొ’ అనాలని దిద్దాడు. గురులఘువుల వంటి పద్ధతి దీనికి ఉందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ పొరపాటుకు కారణం ఉంది. ఇటాలియన్ మాటల్లో ఎక్కువ వాటికి ఊనిక, అంటే ఒక అక్షరాన్ని మిగతావాటికంటే నొక్కి పలకడం, చివరినుంచి రెండవ అక్షరం మీద పడుతుంది, మీ చెవి దాన్నే పట్టుకుంది.

ముందు అక్షర విభజన చూద్దాం. ‘చదవడం’ అనే అర్థమున్న ‘లెజ్జెరె’ను మనం లె-జ్జె-రె అని విడదీస్తాము గాని, అక్కడ ద్విత్వం మధ్యకు విరిగి లెజ్-జె-రె అవుతుంది. ఇది మనకు కొత్త కాదు: ‘నెల్లూరు’ను నెమ్మదిగా పలికితే నెల్-లూ-రు అనే వినిపిస్తుంది, ‘నె’ గురువు కావడానికి కారణమూ ఆ పొల్లు ‘ల్’ బరువే. తిక్కన పద్యాలకు గణ విభజన చేసిన ఈ ప్రాంతపు చెవికి అది వెంటనే అందుతుంది. అయితే ‘స’కారంతో మొదలయ్యే సంయుక్తాక్షరం మాత్రం విరగదు, ‘ఉండిపోవడం’ అనే క్రియ రె-స్తా-రె అవుతుంది, ఇక్కడ మన లిపి పద్ధతే సరిపోతుంది.

ఊనిక సంగతి వేరు. గురువైనంత మాత్రాన అక్షరం మీద ఊనిక పడదు. వర్తమానంలో చాలా క్రియలకు నేను, నీవు, అతడు, వాళ్ళు అనే నాలుగు రూపాల్లో అది ధాతువు మీద నిలుస్తుంది: పర్లొ, పర్లి, పర్ల, పర్లనొ. మనము, మీరు అనేటప్పుడు ప్రత్యయం మీదికి జరుగుతుంది: పర్-ల్యా-మొ, పర్-లా-తె. కాబట్టి ‘వాళ్ళు’ రూపం కావాలంటే ‘అతడు’ రూపాన్ని పలికి, ఊనికను కదల్చకుండా చివర ‘నొ’ చేర్చండి. ‘నివసిస్తాడు’కు ‘ఆబిత’, ‘నివసిస్తారు’కు ‘ఆబితనొ’; ఇందులో ఊనిక చివరినుంచి నాలుగవ అక్షరం మీద ఉంది. అచ్చుతో ముగిసే అక్షరం కనుక ‘ఆ’ కాస్త సాగుతుంది. ‘పర్’ హల్లుతో ముగుస్తుంది కనుక దాన్ని ‘పార్’ అనకూడదు.

‘ఎరె’తో ముగిసే మూల రూపాలకు ఇలాంటి సులువు లేదు. ‘చూడడం’ వె-దే-రె, ‘రాయడం’ స్క్రీ-వె-రె. వీటిని ఒక్కొక్కటిగా కంఠస్థం చేయవలసిందే.

రాసేటప్పుడు చివరి అచ్చు మీది గుర్తును మాత్రం వదలకండి. అది లేకపోతే ‘పర్లొ’ అంటే ‘నేను మాట్లాడతాను’. అది ఉంటే ఊనిక ‘లొ’ మీద పడి ‘అతడు మాట్లాడాడు’ అవుతుంది.