రేడియో విన్న చెవికి పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చిన్నప్పట్నుంచీ తాతయ్య పక్కన కూర్చుని విజయవాడ కేంద్రం వింటూ పెరిగాను. పాట ఎత్తుకోగానే గొంతు ఎవరిదో చెప్పేస్తాను. బీయస్సీ అయింది. వాద్యం ఏదీ రాదు. పాటల రికార్డింగులో స్థిరపడాలని ఉంది. ఈ వినికిడి ఎంతవరకు పనికొస్తుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సగం దూరం తీసుకెళ్తుంది. గొంతు గుర్తుపట్టడానికి జ్ఞాపకం చాలు. ఆ గొంతులో ఏ ధ్వని ఎక్కువైందో, ఏది తగ్గిందో చెప్పగలిగితేనే రికార్డింగ్ ఇంజినీరు. మొదటిది మీకు ఉంది. రెండోది సాధనతో వస్తుంది.

మీరు విన్న విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లో 5 కిలోహెర్ట్జ్‌కి పైన ఉండే ధ్వని దాదాపు రాదు. తాళాల గలగల, తంబురా జీరలోని మెరుపు అక్కడే ఆగిపోతాయి. అయినా సాహిత్యం తెలుస్తుంది. హల్లుల స్పష్టతలో ఎక్కువ భాగం 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే ఉండడం దానికి కారణం. పెద్ద స్పీకర్లున్న స్టూడియోల్లోనూ చిన్న మోనో స్పీకరు ఒకటి పక్కన పెట్టుకుని, మాట మునిగిపోయిందా లేదా అని అందులో వినేది ఇందుకే. మీ చెవి అలవాటుపడింది అలాంటి స్పీకరుకే. అది వదులుకోకండి.

సాధన ఇలా మొదలుపెట్టండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది, రీపర్‌ని 60 రోజులు వాడి చూడొచ్చు. బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి, ఈక్వలైజరులో (ధ్వనిలోని భాగాలను విడివిడిగా పెంచే, తగ్గించే సాధనంలో) ఏదో ఒకచోట 6 డెసిబెల్స్ పెంచమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. ఎక్కడ పెంచారో మీరు కళ్లు మూసుకుని చెప్పాలి. 250 హెర్ట్జ్ దగ్గర పెంచితే గొంతు మందంగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. 3 కిలోహెర్ట్జ్ దగ్గరైతే చెవికి గుచ్చుకుంటుంది. 7 దగ్గరైతే స, శ అక్షరాలు ఈల వేస్తాయి. అందరూ పొరబడే చోటు ఒకటుంది: పెంచితే మొత్తం శబ్దం కూడా పెరుగుతుంది, పెరిగినదల్లా బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకని పెంచాక వాల్యూమ్ తగ్గించి, రెండూ ఒకే మట్టంలో పెట్టి పోల్చండి. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. అంతకు మించితే చెవి అలిసిపోయి తప్పుడు సాక్ష్యం చెబుతుంది.

తరువాత మృదంగం రికార్డు చేసి చూడండి. కుడివైపు ఒక మైకు, ఎడమవైపు ఒక మైకు పెట్టి రెండూ కలిపితే ఎడమచేతి గంభీర నాదం ఒక్కోసారి మాయమైపోతుంది. మైకు చెడిపోయిందని చాలామంది కంగారుపడతారు. నిజానికి చర్మం కదిలినప్పుడు ఒక మైకు వైపు గాలి నొక్కుకుంటే రెండోవైపు పలచబడుతుంది, కలిపినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక ట్రాకు మీద పొలారిటీ బటన్ (ధ్వని అలను తిరగేసేది) నొక్కి, రెండూ కలిపి మోనోలో వినండి. నాదం ఎలా ఉంచితే నిండుగా వస్తుందో అలాగే ఉంచండి.

వాద్యం రాకపోయినా పరవాలేదు గానీ, సరళీ స్వరాలు, ఆదితాళం వేయడం తప్పక నేర్చుకోండి. ‘అనుపల్లవి రెండో సంగతి నుంచి మళ్లీ తీసుకుందాం’ అని గాయని అంటే ఆ చోటికి మీరు వెంటనే వెళ్లాలి. అక్కడ తడబడే సహాయకుణ్ణి మర్నాడు పిలవరు.

చదువు విషయానికొస్తే, పుణేలోని సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ మూడేళ్ల కోర్సు ఉంది, కోల్‌కతాలోని సత్యజిత్ రే సినిమా సంస్థలోనూ ధ్వని విభాగం ఉంది. ఇంటర్లో ఫిజిక్స్ చదివారా అన్నది పుణే ప్రవేశంలో అడిగే విషయం. ఆ ఏటి ప్రకటన చూసుకోండి. కోర్సు చేసినా చేయకపోయినా స్టూడియోలో మొదటి ఏడాది కేబుళ్లు చుట్టడం, టేకులకు పేర్లు పెట్టడం, సాయంత్రం రెండు డిస్కుల్లో కాపీ తీయడం మీ పని. ‘ఆడియో 17’ అని వదిలేసిన టేకు ఆరునెలల తర్వాత ఎవరికీ దొరకదు. పాట పేరు, భాగం, టేకు సంఖ్య, తేదీ రాయండి. ఈ పనిని చిన్నచూపు చూడొద్దు, నమ్మకం కుదిరేది దీనితోనే.

ప్రశ్న: మా నాన్నగారు 1985 ప్రాంతంలో రేడియోలో వచ్చిన లలిత గీతాలు నలభై క్యాసెట్లలో రికార్డు చేశారు. నేను సంగీతం టీచరునైంది ఆ పాటల వల్లే. కంప్యూటరులోకి ఎలా ఎక్కించాలి? యూట్యూబ్‌లో పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు టేపు ప్లేయరు సంగతి చూడండమ్మా. టేపును చదివే హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో, గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవండి. ప్రతి క్యాసెట్టునూ ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటికి చుట్టాకే ప్లే చేయండి. ఏళ్లతరబడి అంటుకున్న పొరలు విడతాయి. పాట మఫ్లరు చుట్టుకున్నట్టు వినిపిస్తే హెడ్డుకు ఎదురుగా టేపును నొక్కే చిన్న ఫెల్టు ముక్క ఊడిందేమో చూడండి. ఊడితే క్యాసెట్టు మరలు విప్పి, టేపును ఇంకో మంచి క్యాసెట్టు డబ్బాలోకి మార్చాలి. ఫెల్టు బాగానే ఉన్నా మఫ్లరు పోకపోతే హెడ్డు వాలు తేడా ఉన్నట్టు. హెడ్డు పక్కనున్న చిన్న మరను వెంట్రుకవాసి తిప్పుతూ స, చ శబ్దాలు పదునెక్కే చోట ఆపండి. ఈ ఒక్క మర చేసే మేలు ఏ సాఫ్ట్‌వేరూ చేయదు.

హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కాకుండా లైన్ అవుట్ నుంచి తీసుకోండి. కంప్యూటరులో రికార్డు చేసేటప్పుడు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, డబ్ల్యూఏవీ (కుదించని ఆడియో) ఫైలు ఎంచుకోండి. గట్టి చోట్ల మట్టం మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. అరవై నిమిషాల క్యాసెట్టుకు స్టీరియోలో దాదాపు 1 జీబీ అవుతుంది, మీ నలభైకీ దాదాపు 42 జీబీ, తొంభై నిమిషాలవైతే 62 దాకా కావాలి. శుభ్రం చేసే ముందు అసలు ఫైలు విడిగా దాచండి. బుస తగ్గించేటప్పుడు 6 నుంచి 10 డెసిబెల్స్‌తో ఆపండి. దాటితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది.

ఇంట్లో వినడానికి ఇబ్బంది లేదు. యూట్యూబ్‌లో మాత్రం అనుమతి లేకుండా పెట్టకండి. 1985 నాటి ప్రసారంపై ప్రసార సంస్థ హక్కు పాతికేళ్లే గనుక 2010తో తీరిపోయింది. అయితే ఆ ఏడాది పాడిన గాయకుడి హక్కు 50 ఏళ్లు, అంటే 2035 చివరిదాకా ఉంటుంది. కవికి, స్వరకర్తకు వాళ్ల తదనంతరం 60 ఏళ్లు. ఆ కుటుంబాల వాళ్లను అడిగి చూడండి. తమ దగ్గరే లేని రికార్డు దొరికిందని సంబరపడేవాళ్లూ ఉంటారు.

ప్రశ్న: అనౌన్సరుగా ప్రయత్నించాలని ఇంట్లో ఫోన్‌లో గొంతు రికార్డు చేస్తే కుండలో మాట్లాడినట్టుంది.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: గోడల ప్రతిధ్వని అది. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తీసి దానికి ఎదురుగా నిలబడండి, వెనక దుప్పటి వేలాడదీయండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకోండి. ప, ఫ, భ అన్నప్పుడు గాలి నేరుగా తగలకూడదు. మొదటి నమూనాగా చదవడానికి ళ–ల, ణ–న, శ–ష–స తేడాలు వినిపించే పేరా ఒకటి ఎంచుకోండి. రెండో నమూనాగా, పాట ముందు వాద్యం ఎన్ని సెకన్లుందో గడియారంతో కొలిచి, రచయిత, స్వరకర్త, గాయకుల పేర్లు అంతలో చెప్పండి. పల్లవి మొదటి అక్షరం మీద మీ మాట పడితే మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రశ్న: మా మనవడికి రేడియో అలవాటు చేద్దామంటే ఇంట్లో అంతా గరగర. ఎందుకని?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు చేసే రొద అయ్యా. రేడియోను బ్యాటరీ మీద పెట్టి, ఒక్కో స్విచ్చీ ఆపుతూ పోండి, దొంగ దొరుకుతుంది. తర్వాత కిటికీ దగ్గర పెట్టి, విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద ఉంచి, రేడియోను బల్ల మీదే నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. లోపల సంకేతం అందుకునే ఫెర్రైట్ కడ్డీ స్టేషను వైపు అడ్డంగా ఉన్నప్పుడు పాట నిండుగా వస్తుంది, దాని మొన అటు తిరిగితే సన్నగిల్లుతుంది. ఆ తిప్పే పని పిల్లవాడి చేతికే ఇవ్వండి.