క్లబ్ అమ్ముడుపోతుందంటున్నారు, షేర్లు కొనమంటారా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. వయసు 27. కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక లాజిస్టిక్స్ కంపెనీలో పని చేస్తున్నాను. జీతం నెలకు 38 వేలు. నాన్న ఆరెకరాల చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్యల సాగు చేస్తారు. నేను స్కూల్ రోజుల నుంచి మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. క్లబ్‌ని గల్ఫ్ వాళ్ళు కొనేస్తున్నారని మా వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే చర్చ. గతేడాది ఒక యాప్ ద్వారా లక్షా ఇరవై వేలు పెట్టి ఆ క్లబ్ షేర్లు కొన్నాను. ఈసారి అమ్మకం ఖాయమంటున్నారు. మొన్నటి పంట డబ్బు 8 లక్షలు బ్యాంకులో ఉంది. మళ్ళీ సీడు (రొయ్య పిల్లలు) వదలడానికి మూడు నెలల టైముంది. ఈలోగా అందులో 5 లక్షలు ఈ షేర్లలో పెట్టి, డీల్ అవగానే తీసేయొచ్చా? గ్రూపులో ఇంకొకతను, కోళ్ళ కంపెనీ వెంకీస్ వాళ్ళు ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ క్లబ్‌ని అమ్మేస్తారు, ఇక్కడి వెంకీస్ షేరు కొంటే ఇంకా మేలు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: 5 లక్షలు పెట్టొద్దు. ఈ మాట చెప్పడానికి ఫుట్‌బాల్ తెలియనక్కర్లేదు, మీ నాన్నగారు సీడు వదిలే తేదీ తెలిస్తే చాలు. అయితే అంతటితో ఆపితే మీరు ఒప్పుకోరు, మీ గ్రూపు అసలే ఒప్పుకోదు. "డీల్ అయితే రేటు ఎగురుతుంది కదా సార్" అంటారు. ఈ కంపెనీలో ఒకసారి డీల్ నిజంగానే అయింది, మంచి రేటుకే అయింది. ఆ రేటులో చిన్న వాటాదారుడి చేతికి ఎంత వచ్చిందో చూద్దాం.

2022 నవంబరు 22న క్లబ్ యజమానులైన గ్లేజర్ కుటుంబం అమ్మకంతో సహా అన్ని దారులూ పరిశీలిస్తామని ప్రకటించింది. అప్పటిదాకా న్యూయార్క్‌లో షేరు 13 డాలర్ల దగ్గర ఉంది. రెండు రోజుల్లో 18 దాటింది. ఖతార్‌కి చెందిన షేక్ జాసిమ్, ఇంగ్లండ్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ పోటీ పడుతున్నారన్న వేడిలో 2023 ఫిబ్రవరికి 25 కూడా దాటింది. తర్వాత నెలల తరబడి బిడ్ల మీద బిడ్లు నడిచాయి. సెప్టెంబరులో అమ్మకం ఆగిపోతుందని ఒక పత్రికలో వార్త వచ్చేసరికి ఒక్కరోజులో సుమారు 18 శాతం పడింది. అది కంపెనీ ప్రకటన కూడా కాదు. అక్టోబరులో షేక్ జాసిమ్ తప్పుకున్నారు. చివరికి డిసెంబరు 24న రాట్‌క్లిఫ్ 25 శాతం వాటా కొంటున్నట్టు ప్రకటించారు. షేరుకి 33 డాలర్లు. మార్కెట్లో అప్పుడు ధర 20 చుట్టూ ఉంది.

ఆ 33 చూసి ఎన్ని గ్రూపులు పండగ చేసుకున్నాయో! కానీ ఆ ఆఫర్ మామూలు వాటాదారుల దగ్గరున్న షేర్లలో 25 శాతం వరకే. అమ్ముతామని వచ్చినవి అంతకు మించడంతో దామాషా లెక్కన కొన్నే తీసుకుని మిగిలినవి వెనక్కి ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో డీల్ ముగిసింది. కొద్ది నెలల్లో మార్కెట్ ధర 15 డాలర్ల చుట్టుపక్కలకి జారింది. మీ నాన్నగారికి చెప్తే వెంటనే అర్థమవుతుంది: 30 కౌంట్‌కి (కిలోకి 30 రొయ్యలు) రేటు ఘనంగానే చెప్తారు, అందులో మీ సరుకు ఎంత ఎత్తుతారన్నది వేన్ గట్టు మీదకి వచ్చాకే తేలుతుంది.

లెక్క వేసుకోండి. పుకార్లు జోరుగా ఉన్నప్పుడు ఒకాయన 25 డాలర్ల చొప్పున 100 షేర్లు కొన్నాడనుకుందాం. పెట్టుబడి 2,500 డాలర్లు. ఆఫర్‌లో మూడో వంతు, అంటే 33 షేర్లు, 33 డాలర్లకి పోయాయనుకుంటే 1,089 వచ్చాయి. మిగిలిన 67 షేర్లను తర్వాత 15కి అమ్మితే 1,005. మొత్తం 2,094. కొన్నవాడు దొరికాడు, రేటూ ఎక్కువే పలికింది, అయినా ఈయనకి 406 డాలర్లు నష్టం. మీ గ్రూపులో ఎవరూ ఈ రెండో సగం చెప్పరు. వాళ్ళ తప్పని కాదు. అభిమానికి కావలసింది క్లబ్ చేతులు మారడం, ఆ ఆనందానికి లెక్కతో పని లేదు. మీరు అడుగుతున్నది మాత్రం లెక్కే.

ఇలా ఎందుకవుతుందంటే, ఈ కంపెనీలో రెండు రకాల షేర్లున్నాయి. యాప్‌లో మీరు కొన్నవి క్లాస్ ఏ, ఒక్కోదానికి ఒక్క ఓటు. క్లాస్ బి షేరుకి పది ఓట్లు. గ్లేజర్ల పట్టంతా ఆ క్లాస్ బి షేర్లతోనే. కొనేవాడు ఎక్కువ రేటు కట్టేది ఆ పట్టు కోసం. రేపు ఎవరో వచ్చి మొత్తం షేర్లకీ ఒకే రేటు ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. ఆ తేడా తేలేది గ్లేజర్ల గదిలో, మన వాట్సాప్‌లో కాదు.

అమ్మనని పట్టుబట్టినా లాభం లేదు. 2005లో మాల్కమ్ గ్లేజర్ సుమారు 79 కోట్ల పౌండ్లకి క్లబ్‌ని కొన్నప్పుడు, అందులో చాలా భాగం అప్పు తెచ్చి, ఆ భారం క్లబ్ నెత్తినే పెట్టారు. వాటా ఒక హద్దు దాటగానే మొండికేసిన అభిమానుల షేర్లను కూడా చట్ట ప్రకారమే 300 పెన్సుల చొప్పున లాగేసుకున్నారు. కడుపు మండిన కొందరు అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని వేరే క్లబ్ పెట్టుకున్నారు. నాకు వాళ్ళంటే గౌరవం, అది వేరే సంగతి.

"ఈసారి ఖాయం" అన్న మాట ఈ క్లబ్‌కి కొత్త కాదు. 1989లో మైఖేల్ నైటన్ అనే ఆయన క్లబ్ కొనేశానని, ఆర్సెనల్‌తో మ్యాచ్‌కి ముందు జెర్సీ వేసుకుని మైదానంలోకి దిగి, బంతిని తల మీదా కాళ్ళ మీదా ఆడించి గోల్‌లోకి కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. ఆ డీల్ ముడిపడనే లేదు. 1998లో మీడియా వ్యాపారి మర్డోక్‌కి చెందిన టీవీ సంస్థ బీస్కైబీ 62.3 కోట్ల పౌండ్ల ఆఫర్ ఇస్తే, మరుసటి ఏడాది బ్రిటన్ ప్రభుత్వం అడ్డుకుంది. ఇక మీ మూడు నెలల గడువు సంగతికొస్తే, ఇంగ్లండ్‌లోనే ఇంకో క్లబ్ న్యూకాసిల్‌ని చూడండి. సౌదీ ఫండ్ కొంటుందన్న ఒప్పందం 2020 ఏప్రిల్‌లో బయటికొచ్చింది, జులైలో వెనక్కి తగ్గారు, చివరికి 2021 అక్టోబరులో 30.5 కోట్ల పౌండ్లకి పూర్తయింది. ఏడాదిన్నర పట్టింది. ఆ వ్యవధిలో మీ చెరువుల్లో ఎన్ని పంటలు తీస్తారో మీరే చెప్పండి.

అసలు నేను భయపడుతున్నది ఆ చెరువుల గురించే. ఈ 5 లక్షల సంగతి నాన్నగారికి తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే మిగతాదంతా పక్కనపెట్టి ముందు ఆయనతో కూర్చోండి. బ్యాంకులో 8 లక్షలు కనిపిస్తున్నాయి గానీ అందులో మిగులెంతో చూశారా? లీజు కట్టాలి, చెరువు ఎండగట్టి సున్నం చల్లాలి, సీడు, ఏరేటర్ల కరెంటు బిల్లు, మొదటి నెల మేత. పాత మేత బాకీ డీలర్ దగ్గర ఏమైనా ఉందా? అరువు మీద తెచ్చే బస్తాకీ రొక్కం ఇచ్చి తెచ్చే బస్తాకీ రేటులో తేడా ఎంతో నాన్నగారిని అడగండి. ఆ తేడాని ఏడాది వడ్డీగా మార్చి చూస్తే, ఈ డబ్బుకి ఇంతకంటే మంచి పెట్టుబడి ఊళ్ళోనే దొరకవచ్చు. అదీ ఎవరూ కొనకపోయినా వచ్చే లాభం.

ఇంకొకటి. వైట్ స్పాట్ రోగం వచ్చి నలభై రోజులకే రొయ్యలు పట్టేయాల్సి వస్తే మళ్ళీ సీడు వదలడానికి చేతిలో డబ్బుండాలి. సరిగ్గా అప్పుడే షేరు 18 శాతం పడి ఉంటే? రేట్లు బయటి నుంచి ఎలా దెబ్బతింటాయో మీకు కొత్తగా చెప్పాలా, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు గట్ల మీద ఎంత టెన్షన్ పడ్డారో చూసే ఉంటారు. ఇంటి ఆదాయం ఇప్పటికే అమెరికా కొనుగోళ్ళ మీద ఆధారపడి ఉంటే, మిగిలిన రొక్కం కూడా అమెరికా మార్కెట్లో ఒకే ఒక్క షేరులో పెట్టడం నాకు నచ్చదు.

మూడు నెలలకే అయితే 91 రోజుల ఎఫ్‌డీ చాలు. ఐదు శాతం అనుకుంటే 5 లక్షలకి ఆరు వేల పైచిలుకు వస్తుంది. మీకది చప్పగా అనిపిస్తుందని తెలుసు. బ్యాంకు డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే కాబట్టి 8 లక్షలూ ఒకేచోట ఉంచకుండా రెండు బ్యాంకుల్లో పెట్టండి.

షేరు సంగతికి వస్తే, పుకారు పక్కనపెట్టి కంపెనీగా చూసినా నాకు ఆకర్షణ కనిపించదు. 2012 ఆగస్టులో మొదటిసారి మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఒక్కో షేరు 14 డాలర్లకి అమ్మారు. 2025లో కూడా చాలా రోజులు 20 లోపే ఉంది. మధ్యలో రూపాయి డాలరుకి 55 చుట్టుపక్కల నుంచి 85 పైకి పోయింది కాబట్టి మన లెక్కలో కొంత లాభం కనిపించవచ్చు, కానీ అది డాలరు ఇచ్చిన లాభం, క్లబ్ ఇచ్చింది కాదు. 2023-24లో 11.3 కోట్ల పౌండ్ల నష్టం. మరుసటి ఏడాది ఆదాయం రికార్డు స్థాయిలో 66.65 కోట్లకి చేరినా 3.3 కోట్ల నష్టమే. ఆ సీజన్‌లో లీగ్‌లో 15వ స్థానం. ఆ బాధ మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు.

వెంకీస్ సంగతి త్వరగా తేల్చేద్దాం. గ్రూపులో ఆయన సగం కరెక్ట్. బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని 2010 నవంబరులో సుమారు 2.3 కోట్ల పౌండ్లకి కొన్నది వెంకీస్ యజమానుల కుటుంబమే. పుణెలో స్థిరపడినా దాని మూలం మన తెలుగువాళ్ళదే. బి.వి. రావు 1971లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన హేచరీలది. రోజూ పేపర్లో వచ్చే ఎన్‌ఈసీసీ గుడ్ల రేటు వెనక కూడా ఆయనే ఉన్నారు. అయితే క్లబ్ ఉన్నది వెంకీస్ గ్రూపులోని లండన్ కంపెనీ కింద, దానిపైన లిస్టు కాని మాతృసంస్థ. మనం ఎక్స్ఛేంజీలో కొనే వెంకీస్ ఇండియా షేరు కింద కాదు. రేపు ఎవరైనా బ్లాక్‌బర్న్‌ని కొన్నా ఆ డబ్బు ఈ షేరుదారుడికి రాదు. ఈ షేరు కొనాలంటే కోడి రేటు, మేతలో వాడే మొక్కజొన్న, సోయా రేట్లు చూసి కొనాలి. 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయిన క్లబ్ భవిష్యత్తు చూసి కాదు.

ఇప్పటికే ఉన్న లక్షా ఇరవై వేలు మీ మూడు నెలల జీతం కన్నా ఎక్కువ. వేరే పొదుపు ఏముందో రాయలేదు. ఏమీ లేకపోతే సగం అమ్మి మీ పేరున అత్యవసరాలకి పెట్టుకోండి. మిగిలిన సగం అభిమానం కింద ఉంచుకోండి, తప్పు లేదు. ధర పడినప్పుడు "యావరేజ్ చేస్తా" అని మళ్ళీ కొనొద్దు. ఎవరైనా కొంటామని ఆఫర్ ఇస్తే మీ యాప్ ద్వారా అందులో పాల్గొనే వీలుందా, ముక్కలుగా (ఒక షేరులో కొంత భాగమే) కొన్న షేర్లకి అది వర్తిస్తుందా అని ఇప్పుడే కస్టమర్ కేర్‌ని అడిగి జవాబు మెయిల్‌లో తీసుకోండి.

ఇక మీరు అడగనిది, కానీ అన్నిటికంటే ముందు చేయాల్సింది. విదేశీ షేర్లున్నవాళ్ళు పన్ను పడకపోయినా రిటర్న్ వేయాల్సిందే. అదీ ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేసి అందులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ షేర్లు చూపాలి. ఆ వివరాలు ఆర్థిక సంవత్సరానికి కాదు, జనవరి నుంచి డిసెంబరు వరకు ఇవ్వాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా రాసి ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షల లోపుంటే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానాలో సడలింపు ఇచ్చారు గానీ, చూపాల్సిన బాధ్యత పోలేదు. 24 నెలల లోపు అమ్మితే లాభం మీ జీతంతో కలిపి శ్లాబు ప్రకారం, ఆ తర్వాత అయితే 12.5 శాతం. గతేడాది రిటర్న్ ఎవరో ఐటీఆర్-1లో వేసేసి ఉంటే, గడువు మిగిలి ఉండగానే రివైజ్డ్ వేయించండి. యాప్‌లో విదేశీ ఆస్తుల స్టేట్‌మెంట్ దించుకుని, నెల్లూరులో విదేశీ షేర్ల రిటర్న్‌లు ఇంతకుముందు వేసిన ఆడిటర్ దగ్గరికే వెళ్ళండి. షెడ్యూల్ ఎఫ్‌ఏ అంటే ఏమిటని ఆయనే మిమ్మల్ని అడిగితే, ఇంకో ఆడిటర్‌ని చూసుకోండి.