మేవెదర్ గార్డ్ మీకు సెట్ అవుతుందా? బాక్సింగ్ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, నేను బాక్సింగ్ మొదలుపెట్టి ఏడాది దాటింది. అమెరికన్ బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ ఫైట్లు చూసీ చూసీ ఆయన షోల్డర్ రోల్ (భుజంతో పంచ్‌ని జార్చేసే గార్డ్) అలవాటు చేసుకున్నా. ఒక్కణ్ణే గాల్లో పంచ్‌లు వేసే షాడో బాక్సింగ్‌లో సూపర్‌గా ఉంటుంది, పార్ట్‌నర్‌తో స్పారింగ్‌కి దిగితే మాత్రం జాబ్‌లన్నీ (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్‌లు) మొహానికే తగుల్తున్నాయి. కోచ్ ఏమో చేతులు పైకెత్తరా అని అరుస్తాడు. లోపం ఈ స్టాన్స్‌లోనా, నాలోనా?

జవాబు: రెండిట్లోనూ ఉంది తమ్ముడూ, కాకపోతే నీ వాటా కొంచెం ఎక్కువ, ఏమనుకోకు. చాలామంది దీన్ని చేతులు దించేసి స్టైల్‌గా నిలబడటం అనుకుంటారు, అసలు సంగతి వేరే. ఆర్థడాక్స్ వాడైతే, అంటే ఎడమవైపు ముందు పెట్టి ఆడేవాడైతే, ఎడమ చెయ్యి పొట్టకి అడ్డంగా పెట్టి, ఎడమ భుజం పైకి లేపి, గడ్డం ఆ భుజం వెనక దాచుకుని, కుడి గ్లవ్ చెంప పక్కన పెట్టుకుని పక్కకి తిరిగి నిలబడతాడు, బరువు కాస్త వెనక కాలి మీద. అవతలివాడి కుడి స్ట్రైట్ వచ్చినప్పుడు నడుం నుంచి కుడివైపు తిరిగితే ఆ పంచ్ భుజం మీద నుంచి జారిపోతుంది, అదే తిరుగుడుతో మన కుడి చెయ్యి కౌంటర్‌కి, అంటే ఎదురుదెబ్బకి, రెడీ అయిపోతుంది. దీని గొప్పతనమంతా అక్కడే ఉంది. రెండు చేతులూ మొహం ముందు ఎత్తిపెట్టే హై గార్డ్‌లో ముందు బ్లాక్ చెయ్యాలి, తర్వాత గార్డ్ తెరిచి కొట్టాలి, ఈలోపు అవతలివాడు జారుకుంటాడు. ఇక్కడ కాచుకోవడం, కొట్టడానికి సిద్ధం కావడం రెండూ ఒకే కదలికలో అయిపోతాయి. పైగా కళ్ళకి ఏదీ అడ్డం ఉండదు, పొట్టకీ పక్కటెముకలకీ కాపలా ఉంటుంది, కింద నుంచి వచ్చే మన జాబ్ అవతలివాడికి లేటుగా కనబడుతుంది.

ఇక లోపం. కుడి చెయ్యి చెయ్యాల్సిన పనులు చూడు, ఎదురుగా వచ్చే జాబ్‌ని అదే పట్టాలి, పక్క నుంచి వచ్చే ఎడమ హుక్‌ని కూడా అదే ఆపాలి. ఒక్క వాచ్‌మన్‌కి రెండు గేట్లు అప్పజెప్పినట్టు. కాస్త తెలివైనోడు జాబ్ వేస్తున్నట్టు నటిస్తాడు, నీ గ్లవ్ ముందుకి వెళ్తుంది, చెంప ఖాళీ, హుక్ దిగుతుంది. ఏడ్రియన్ బ్రోనర్ కూడా ఇదే షోల్డర్ రోల్‌తో పైకొచ్చినవాడే, 2013 డిసెంబర్‌లో మార్కోస్ మైదానా చేతిలో రెండో రౌండ్లో ఒకసారి, ఎనిమిదో రౌండ్లో ఒకసారి కింద పడి, కెరీర్లో మొదటిసారి ఓడిపోయాడు. స్టాన్స్ చూస్తే మేవెదర్‌దే, మరి ఆ కాళ్ళు, ఆ దూరం లెక్క ఎక్కడివి?

ఇంకో లోపం భుజం పైనుంచి. స్ట్రైట్ అయితే జారిపోతుంది గానీ వంపు తిరిగి పైనుంచి పడే ఓవర్‌హ్యాండ్ రైట్ భుజాన్ని దాటి కణతకి తగులుతుంది. 2014 మే నెలలో మైదానా మేవెదర్ మీద ఇదే ప్రయోగించాడు, రోప్స్‌కి నెట్టి ఎక్కడపడితే అక్కడ బాదాడు, మేవెదర్ గెలిచాడు కానీ ముగ్గురు జడ్జిల్లో ఒకరు డ్రా ఇచ్చారు. 2010లో షేన్ మోస్లీ రెండో రౌండ్లో కొట్టిన కుడి చేతి దెబ్బకి మేవెదర్ మోకాళ్ళు వణకడం కూడా అందరూ చూశారు. అంతటివాడికే అలా ఉంటే ఏడాది వయసున్న నీ షోల్డర్ రోల్ సంగతేంటి!

మీ కోచ్ మాటే విను, కొన్నాళ్ళు చేతులు పైనే పెట్టు. షోల్డర్ రోల్ మాత్రం విడిగా ప్రాక్టీస్ చెయ్యి, పార్ట్‌నర్‌ని జాబ్, ఎడమ హుక్ మాత్రమే నెమ్మదిగా వెయ్యమని చెప్పు, కుడి చెయ్యి అస్సలు వద్దను, నువ్వు తిరిగి కొట్టొద్దు. భుజం సంగతి తర్వాత, ముందు ఆ కుడి గ్లవ్ కంగారుపడటం మానాలి.

ప్రశ్న: సార్, నేను షోల్డర్ రోల్ వాడతాను, మిగతా అమ్మాయిలతో బానే ఉంటుంది కానీ ఒక సౌత్‌పాతో (కుడివైపు ముందు పెట్టి ఆడే అమ్మాయితో) స్పారింగ్ అంటే భయమేస్తోంది. ఎందుకిలా?

జవాబు: భయం సరైనదేనమ్మా. మీ ఎడమ భుజం కాచేది ఆర్థడాక్స్ వాళ్ళ కుడి చేతి నుంచి. సౌత్‌పాకి బలమైన పంచ్ ఎడమ చేత్తో, అది మీరు తెరిచి ఉంచిన వైపు నుంచి నేరుగా వస్తుంది, భుజం ఏ పనికీ రాదు. 2006లో జాబ్ జూడా (Zab Judah) అనే సౌత్‌పా బాక్సర్ మీద మేవెదర్ కూడా మొదటి రౌండ్లలో ఇబ్బందే పడ్డాడు, తర్వాతే ఫైట్‌ని చేతిలోకి తెచ్చుకున్నాడు. సౌత్‌పా ఎదురైతే ఎడమ చెయ్యి పైకి తెచ్చి ముందుకి చాపండి, ముందు పాదం ఆమె ముందు పాదానికి బయటివైపు ఉంచండి, కుడి స్ట్రైట్ మీరే ముందు వెయ్యండి. ఆ ఒక్క ఫైట్‌కి షోల్డర్ రోల్ పక్కన పెడితే పరువేం పోదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెచ్యూర్ పోటీల్లో ఆడతాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోతే సేఫ్ కదండీ, వాడు వినడు.

జవాబు: వినకపోవడమే మంచిదైందండి. ఏమీ చెయ్యకుండా పూర్తిగా కప్పుకుని నిలబడిపోతే అమెచ్యూర్ రూల్స్‌లో ఫౌల్ కిందికి వస్తుంది. ఫౌల్ ఇవ్వకపోయినా పాయింట్లు పోతాయి, చేతుల మీద పడే దెబ్బలకి స్కోర్ లేదు నిజమే గానీ ఒకడు కొడుతూ ఒకడు కప్పుకుని కనిపిస్తే జడ్జి కన్ను ఎటు పోతుందో మీరే చెప్పండి. పైగా ఉన్నవి మూడు రౌండ్లు, ప్రొఫెషనల్స్‌లా పన్నెండు రౌండ్లలో అవతలివాడి ఆటని తీరిగ్గా చదువుకునే టైమ్ లేదు. హై గార్డ్‌తో ఇంకో బాధ, చేతులు పైకి వెళ్ళినకొద్దీ మోచేతుల కింద లివర్ బయటపడుతుంది. బ్లాక్ చేసిన వెంటనే ఒక పంచ్ వెయ్యడం అలవాటు చెయ్యమనండి, ఒక్కటి చాలు.

ప్రశ్న: నేను పొట్టి. మైక్ టైసన్ వాడిన పీకబూ గార్డ్ నాకు సూట్ అవుతుందా?

జవాబు: పొట్టివాళ్ళకి బాగా పనికొస్తుంది. కోచ్ కస్ డమాటో నేర్పిన పద్ధతి, దాంతోనే ఫ్లాయిడ్ ప్యాటర్సన్ 1956లో 21 ఏళ్ళకి, టైసన్ 1986లో 20 ఏళ్ళకి హెవీవెయిట్ చాంపియన్లయ్యారు. రెండు చేతులూ చెంపల దగ్గరుంటాయి కాబట్టి ఎటునుంచైనా కొట్టొచ్చు, కానీ ఇందులో డిఫెన్స్ చేసేది చేతులు కాదు, ఆగకుండా కదిలే తల. అది ఆగిందా, ఎదురుగా చతికిలబడ్డ టార్గెట్టే. 1990లో బస్టర్ డగ్లస్ పొడవాటి జాబ్‌తో టైసన్‌ని దూరంగా ఉంచి, పదో రౌండ్లో అప్పర్‌కట్‌తో (కింద నుంచి పైకి వేసే పంచ్) మొదలుపెట్టి పడగొట్టాడు. తొడలు మండేదాకా తల కదిపే ఓపిక ఉంటేనే దీనిజోలికి రండి, లేకపోతే మామూలు గార్డ్‌లో ఉండి జాబ్ కిందనుంచి దూరడం నేర్చుకోండి.