చిన్న తెరచాప పడవకు ఏది కొనాలి: 50 న్యూటన్ల బాయెన్సీ ఎయిడా, 150 న్యూటన్ల లైఫ్ జాకెట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇద్దరు కూర్చునే చిన్న తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్నారు, ఈత ఓ మోస్తరుగా వచ్చు. క్లబ్బులో ఒకాయన 50 న్యూటన్ల బాయెన్సీ ఎయిడ్ (తేలడానికి సాయపడే తేలికపాటి జాకెట్) చాలన్నారు. ఇంకొకాయన నీళ్లు తగలగానే దానంతట అదే ఉబ్బే 150 న్యూటన్ల జాకెట్ లేకుండా పడవెక్కొద్దన్నారు. అప్పుడప్పుడు తొమ్మిదేళ్ల పాప కూడా మీతో వస్తుంది.

నేను చాలా ఏళ్లుగా ఇలాంటి చిన్న పడవలే నడుపుతున్నాను, కొత్తవాళ్లకు నేర్పుతుంటాను కూడా. మీరు నేర్చుకునే చోట రెస్క్యూ బోటు ఉంటే మీకు ఫోమ్ నింపిన 50 న్యూటన్లది తీసుకోండి. పాప సంగతి వేరు, అది చివర్లో చెబుతాను.

ముందు ఆ అంకెల సంగతి. 10 న్యూటన్లంటే దాదాపు ఒక కిలో బరువును నీటి మీద నిలిపే బలం. మనిషి నీళ్లలో దాదాపుగా తేలుతూనే ఉంటాడు కాబట్టి, తల పైన ఉండటానికి చాలామంది పెద్దవాళ్లకు అదనంగా మూడు నుంచి ఐదున్నర కిలోల ఊతం సరిపోతుంది. అందుకే 50 న్యూటన్లతో చాలామంది హాయిగా తేలతారు. తేడా ఎక్కడొస్తుందంటే, బూమ్ (తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకర్ర) తలకు తగిలి స్పృహ తప్పితే. 50 న్యూటన్లది మిమ్మల్ని తేలుస్తుంది కానీ మొహం నీటి వైపు ఉంటే వెల్లకిలా తిప్పదు. 100 న్యూటన్లది ప్రశాంతమైన నీళ్లలో తిప్పే అవకాశం ఉంది. 150 న్యూటన్లది తిప్పడం కోసమే తయారైంది, అయినా లోపల గాలి నిలిచిపోయే బరువైన బట్టలుంటే అదీ కష్టపడుతుంది. 275 న్యూటన్లది నడిసముద్రంలో బరువైన బట్టలు, పనిముట్లతో ఉండేవాళ్లకు. లేబుల్ మీద ఐఎస్ఓ 12402 అని, పక్కన ఈ అంకె ఉందో లేదో చూడండి. తక్కువ బరువువాళ్ల సైజుల్లో అసలు ఊతం ఆ అంకె కన్నా తక్కువే ఉంటుంది, అది కూడా లేబుల్ మీదే రాస్తారు.

ఈ వెల్లకిలా తిప్పడం అనే విషయం ఊరికే తేలలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎడ్గార్ పాస్క్ అనే బ్రిటిష్ మత్తు డాక్టరు తనకే మత్తు ఇప్పించుకుని, ఒంటి మీద తెలివి లేకుండా కొలనులో పడుండి లైఫ్ జాకెట్లను పరీక్షింపజేశాడు. స్పృహ ఉన్న మనిషి తెలియకుండానే తల ఎత్తేస్తాడు కాబట్టి అతని మీద పరీక్షిస్తే అసలు సంగతి బయటపడదు. ఆయన మీద నాకు చాలా గౌరవం.

మరి తిప్పే జాకెట్టే మేలు కదా అని మీరు అడగొచ్చు. చిన్న పడవలో బోల్తా పడటం ప్రమాదం కాదు, అది ఆటలో భాగం. గాలి బాగున్న రోజున కొత్తవాళ్లు ఒక్క పూటలోనే పదే పదే పడతారు. ఆటోమేటిక్ జాకెట్ మొదటిసారికే ఉబ్బిపోతుంది. ఇక ఆ పూటంతా ఛాతీ మీద అంత గాలిసంచి పెట్టుకుని సెంటర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే పలక) మీదికి ఎక్కాలి, పడవ లేవగానే అంచు మీద నుంచి లోపలికి దొర్లాలి. దాన్ని ఉబ్బించే చిన్న గ్యాస్ సిలిండరు, ట్రిగ్గరు కొత్తవి బిగించే దాకా అది మళ్లీ దానంతట ఉబ్బదు.

దీనికన్నా నాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటుంది. పడవ బోల్తా పడినప్పుడు ఒక్కోసారి తెరచాప మన మీదే పడుతుంది. తడిసిన గుడ్డ మొహానికి అతుక్కుంటుంది, వెలుతురు కనిపిస్తుంది కానీ ఊపిరి అందదు. అప్పుడు అరచేత్తో గుడ్డను పైకి నెడితే కింద కాస్త గాలి చేరుతుంది. అక్కడ ఊపిరి పీల్చుకుని, చేతికి తగిలిన ఒక కుట్టును పట్టుకుని, ఆ కుట్టు వెంటే చేతులు మార్చుకుంటూ అంచు దాకా రావాలి. కుట్టు వదిలేస్తే ఒకేచోట తిరుగుతూ ఉంటారు. పడవ పూర్తిగా తలకిందులై మీరు దాని కింద ఉండిపోతే, ఒక్క క్షణం నీళ్లలోకి మునిగి అంచు కింద నుంచి బయటికి రావాలి. 50 న్యూటన్ల ఫోమ్‌తో ఇది కొంచెం బలం పెడితే అయిపోతుంది. నిండుగా ఉబ్బిన 150 న్యూటన్లది మిమ్మల్ని పడవ అడుగుకేసి ఒత్తిపెడుతుంది. నేను కొత్తవాళ్లతో ఇవన్నీ లోతు తక్కువ నీళ్లలో, పక్కన నిలబడి, చేయిస్తాను. మీరూ అలా ఒకసారి చేయించుకోండి.

రెస్క్యూ బోటు లేని చోటికి వెళ్తే, ఒంటరిగా వెళ్తే, ఈత అసలు రాకపోతే, మూర్ఛలాంటి సమస్య ఉంటే నా జవాబు మారుతుంది. అప్పుడు కనీసం 100 న్యూటన్లది, ఫోమ్‌దే. అడుగున బరువైన కీల్ ఉండి మామూలుగా బోల్తా పడని పెద్ద పడవలో తీరానికి దూరంగా వెళ్లేటప్పుడు మాత్రం క్లబ్బులో ఆ రెండో ఆయన చెప్పిన 150 న్యూటన్ల ఆటోమేటిక్ సరైనది. అది కొన్నరోజు సిలిండరు చేత్తో గట్టిగా బిగించి ఉందో లేదో చూడాలి, కదలికలకు వదులవుతుంది. దాని బరువు సిలిండరు మీదే చెక్కి ఉంటుంది, కిచెన్ తక్కెడ మీద పెట్టి సరిచూడండి. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకుండా అలాంటి జాకెట్ వేసుకోకండి.

ఏది కొన్నా, నా దృష్టిలో అంకె కన్నా ఒంటికి పట్టడం ముఖ్యం. ఒకసారి నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినావిడ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న పెద్ద సైజుది వేసుకుంది. బకిళ్లన్నీ పెట్టుకునే ఉంది. నీళ్లలో పడగానే జాకెట్ తేలింది, ఆవిడ దాని లోపల కిందికి జారింది. భుజం పట్టీలు చెవుల దాకా వచ్చాయి, నోరు కాలరు వెనక్కి పోయింది, రెండు చేతులూ జాకెట్‌ను కిందికి లాగి పట్టుకోవడానికే సరిపోయాయి. పక్కనున్న తాడు అందుకోవడానికి చేయి ఖాళీ లేదు. చల్లటి నీళ్లలో ఇది ఇంకా ప్రమాదం. 15 డిగ్రీల లోపు నీళ్లలో పడితే మొదటి నిమిషం, రెండు నిమిషాలు ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. ఆ సమయంలో నోరు నీటి పైన ఉండి తీరాలి.

కాబట్టి షాపులో, పడవలో వేసుకునే బట్టల మీదే తొడిగి చూడండి. సైజు ఛాతీ కొలతను బట్టి, బరువును బట్టి ఉంటుంది. పట్టీలన్నీ బిగించాక మీరు చేతులు పైకెత్తండి, ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగాలి. గడ్డం దాటి వస్తే వదులే. తర్వాత కింద కూర్చుని, మోకాళ్లు ఛాతీకి తెచ్చి, తల బాగా వంచి చూడండి. బూమ్ కింద నుంచి దూరేటప్పుడు మీరు ఉండేది అలాగే. అడుగు భాగం తొడలకు తగిలి జాకెట్ పైకి ఎగిస్తే పొట్టిది తీసుకోవాలి. ముందు జేబులు, వేలాడే కొసలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, తాళ్లు వాటిలోనే చిక్కుకుంటాయి. జిప్పు పక్కన ఉండి ముందు భాగం నున్నగా ఉండేవి పడవవాళ్లకు బాగా నప్పుతాయి. నలుపు, ముదురు నీలం అందంగానే ఉంటాయి కానీ అలల్లో ఆ రంగు జాకెట్ నాకు ఒక్కసారీ వెంటనే కనబడలేదు. నారింజో, పసుపో తీసుకోండి. విజిల్ లేకపోతే కట్టుకోండి.

వాడిన జాకెట్ చవగ్గా వస్తే తొందరపడకండి. ఫోమ్‌ను వేళ్లతో నొక్కి వదలండి, వెంటనే లేవాలి. గట్టిపడినా, ముడతలు పడినా, గుడ్డ రంగు వెలిసి కుట్ల దగ్గర పీలికలవుతున్నా వదిలేయండి. మీ జాకెట్ మీద ఎవరినీ కూర్చోనివ్వకండి, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి.

ఇక పాపకు. పిల్లలకు తల భాగం బరువు ఎక్కువ, భయపడితే ఈత మర్చిపోతారు. అందుకే కాలరు, వీపు దగ్గర పట్టుకుని లాగే పిడి, తొడల పట్టీ ఉన్న 100 న్యూటన్ల ఫోమ్ జాకెట్ కొనండి. ఈ రోజు ఆమె బరువుకు సరిపోయేదే కొనండి, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని ఒక సైజు పెద్దది వద్దు. ఒడ్డున మీ ఎదురుగా, లోతు తక్కువ నీళ్లలో, ముందు వెల్లకిలా, తర్వాత బోర్లా పడుకోమని చెప్పి చూడండి. బోర్లా నుంచి తనంతట తాను తిరగడం తెలిసేదాకా పడవెక్కించకండి. తను బాగా ఈదడం నేర్చుకుని, సొంతంగా చుక్కాని పట్టే రోజు వచ్చాక 50 న్యూటన్లదానికి మార్చవచ్చు.