డెల్టా రోడ్లపై ఓపెన్ టాప్ కారుకు మైలేజీ ఎంత వస్తుంది? పద్నాలుగు నెలల లెక్కతో నా జవాబు

నమస్కారమండి. మీరు పాలకొల్లులో ఉంటూ ఏడాదికి సుమారు 6,000 కిలోమీటర్లు తిరుగుతామని, బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ గాని మెర్సిడెస్-ఏఎంజీ ఎస్ఎల్ 55 గాని కొనాలనుకుంటున్నామని రాశారు. కంపెనీ చెప్పే మైలేజీలో మన రోడ్ల మీద ఎంత వస్తుందో, రూఫ్ తెరిచి నడిపితే ఎంత తగ్గుతుందో అడిగారు. భీమవరంలో మా బావగారికి జెడ్4 ఉంది. ఆయనకు దూరప్రయాణాల్లో స్టీరింగు పట్టడం అంతగా ఇష్టం ఉండదు కాబట్టి పద్నాలుగు నెలలపాటు ఆ కారును ఎక్కువగా నేనే నడిపాను, పెట్రోలు పోయించిన ప్రతిసారీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. నా జవాబంతా ఆ పుస్తకంలోని లెక్కల మీద ఆధారపడినదే.

ముందుగా లెక్క వేసిన పద్ధతి చెబుతాను, ఎందుకంటే పద్ధతి సరిగా లేకపోతే అంకెలకు విలువ ఉండదు. ఎప్పుడూ ఒకే బంకులో, నాజిల్ తనంతట తాను ఆగేవరకు నింపించి, తరువాతిసారి అదే విధంగా నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించాను. కారు తెర మీద కనిపించే సగటు దీనికంటే దాదాపు ఆరు శాతం ఎక్కువగా ఉండేది. తెరను మాత్రమే చూసి మైలేజీ చెప్పేవారి మాటను అందుకే కొంత తగ్గించి తీసుకోవాలి.

తణుకు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, సిద్ధాంతం వంతెన, రావులపాలెం, జొన్నాడ మీదుగా రాజమహేంద్రవరం వైపు 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళితే, రూఫ్ మూసి ఉన్నప్పుడు లీటరుకు 13.9 కిలోమీటర్లు వచ్చింది. వేగాన్ని 100కు పెంచితే అది 12.2కు దిగింది. ఈ కారుకు కంపెనీ చెప్పే సంఖ్య సుమారు 12 కాబట్టి, హైవే మీద ఆ మాట పూర్తిగా నిలబడిందనే చెప్పాలి. అదే కారు భీమవరం నుంచి వీరవాసరం మీదుగా మీ పాలకొల్లుకు వచ్చే దారిలో 8.6 ఇచ్చింది. ఒక్క భీమవరం పట్టణంలోనే తిరిగిన ట్యాంకుకు 6.2 మాత్రమే వచ్చింది.

ఈ తేడాకు కారణం 2,998 సీసీ ఇంజను, 340 హార్స్‌పవరు అని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఇంజను శక్తి కంటే మనం ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతామన్నదే ఎక్కువగా లెక్కలోకి వస్తుంది. ఒకటిన్నర టన్నులకు పైబడిన బండిని ఆగిన స్థితి నుంచి 50 కిలోమీటర్ల వేగానికి తీసుకురావడానికి సుమారు 15 నుంచి 20 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. బ్రేకు వేసిన క్షణంలో ఆ పెట్రోలు ఇచ్చిన శక్తి అంతా వేడిగా మారి పోతుంది. మన దారిలో ఊరూరా స్పీడు బ్రేకర్లు, కాలువ వంతెనల దగ్గర మలుపులు, రొయ్యల లారీలు, కోతల కాలంలో రోడ్డు సగం వరకు ఆరబోసిన ధాన్యం ఉంటాయి. కారు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ప్రతి స్పీడు బ్రేకరు దగ్గర దాదాపు ఆపి, ఏటవాలుగా ఎక్కించాలి. ఇరవై, ఇరవై రెండు కిలోమీటర్లలో ముప్పైసార్లు ఇలా జరిగితే అరలీటరు అక్కడే ఖర్చవుతుంది. రైల్వే గేటు దగ్గర ఏసీ వేసుకుని నిలబడిన సమయం దీనికి అదనం.

ఇక రూఫ్ సంగతి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 80 నుంచి 100కు వెళితే ఆ నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. రూఫ్ తెరిచినప్పుడు గాలి అద్దం మీదుగా సాఫీగా జారిపోకుండా సీట్ల వెనుక సుడి తిరుగుతుంది, దానితో ఆ నిరోధం ఇంకా ఎక్కువవుతుంది. హైవే మీద 100 వేగంలో రూఫ్ తెరిచి నడిపితే 12.2 కాస్తా 11.2 అయ్యింది, 80 వేగంలో తేడా అందులో ముప్పావు వంతు కూడా లేదు. కాలువ గట్టు రోడ్డు మీద 40 వేగంతో వెళ్ళినప్పుడు మాత్రం నా పుస్తకంలో ఏ తేడా కనిపించలేదు. చించినాడ వంతెన దాటి దిండి వైపు కొబ్బరి తోటల మధ్య రూఫ్ తీసి నిదానంగా వెళ్ళడంలో పెట్రోలు గురించి ఆలోచించనక్కరలేదని నేను ధైర్యంగా చెప్పగలను. ఇటువంటి కారు కొనేది ఆ ప్రయాణం కోసమే కదా!

అసలు భారం రూఫ్ తెరవడంలో కంటే కారు నిర్మాణంలో ఉంది. పైకప్పు స్థిరంగా ఉండదు కాబట్టి కారు వంగిపోకుండా అడుగుభాగాన్ని, పక్కల పట్టీలను అదనంగా బలపరుస్తారు, ఆ బరువును ప్రతి కిలోమీటరూ మోయక తప్పదు. పాత జెడ్4కు మడత పడే లోహపు రూఫ్ ఉండేది, ఇప్పటిదానికి గుడ్డ రూఫ్ పెట్టారు. ఎస్ఎల్ కూడా అదే దారి పట్టి, ఆ ఒక్క మార్పుతో 21 కిలోలు తగ్గించుకుంది. అయినా నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఎస్ఎల్ 55 బరువు 1,900 కిలోలకు పైనే ఉంటుంది. దాని 3,982 సీసీ వీ8 ఇంజనుకు ఐరోపా పరీక్షలో 100 కిలోమీటర్లకు సుమారు 13 లీటర్లు, అంటే లీటరుకు 7.7 కిలోమీటర్లు. నెమ్మదిగా, నిలకడగా వెళ్ళేటప్పుడు అది ఎనిమిది సిలిండర్లలో నాలుగింటిని ఆపి పెట్రోలు ఆదా చేస్తుంది, కాని ఆ నిలకడ మన ఊళ్ళ మధ్య దొరకదు. కాబట్టి మీ దారిలో దాని నుంచి లీటరుకు ఐదు, ఆరుకు మించి ఆశించవద్దు.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికే సాధారణ పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే దాదాపు మూడో వంతు తక్కువ, అందువల్ల ఆరేడు శాతం మైలేజీ అక్కడే తగ్గుతుంది. కారు అడిగిన ఆక్టేన్ (ఇంజనులో పెట్రోలు వేళకు ముందే అంటుకోకుండా తట్టుకునే శక్తిని చెప్పే అంకె) కంటే తక్కువది పోయిస్తే ఇంజను తనను తాను కాపాడుకోవడానికి స్పార్కును ఆలస్యం చేస్తుంది, దానివల్ల మరికొంత పోతుంది. ట్యాంకు మూత లోపలి చీటీ మీద ఏ ఆక్టేన్ రాసి ఉందో చూసి అదే పోయించండి. మాకు ఒక నెల మైలేజీ ఉన్నట్టుండి తగ్గితే పెట్రోలును అనుమానించాము. తీరా చూస్తే నాలుగు టైర్లలోనూ గాలి తక్కువగా ఉంది. అప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడడం అలవాటు చేసుకున్నాను.

మీ 6,000 కిలోమీటర్లకు సగటున 9 వస్తే 667 లీటర్లు, 12 వస్తే 500 లీటర్లు అవుతాయి. లీటరు 110 రూపాయల చొప్పున చూసినా ఏడాదికి తేడా సుమారు 18,000 రూపాయలే. ఇంత ఖరీదైన కారు కొనేవారికి అది నిర్ణయాన్ని మార్చేంత మొత్తం కాదు. జెడ్4 ట్యాంకు 52 లీటర్లు కాబట్టి మన ఊళ్ళ మధ్య రోడ్ల మీద 400 కిలోమీటర్ల దాకా నిశ్చింతగా వెళ్ళవచ్చు. ఇద్దరు మాత్రమే కూర్చుంటామంటే నేను జెడ్4నే ఎంచుకోమంటాను. బేరం ముగించే ముందు కారును మీ ఇంటి నుంచి వీరవాసరం దాకా ఒక్కసారి నడిపి చూపించమని అడగండి. ట్రిప్ మీటరు సున్నా చేసి వెళ్ళి, తిరిగి వచ్చాక తెర మీద కనిపించిన సంఖ్యలో ఆరు శాతం తగ్గించి రాసుకోండి.