ఆసియా చరిత్ర పరిషత్తు నడపడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం పదిమందిమి విశ్రాంత అధ్యాపకులం. ఆసియా చరిత్ర, సంస్కృతుల మీద ఒక పరిషత్తు పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? గుంటూరులో కూర్చుని ఆసియా అంతా అంటే మరీ పెద్ద మాట అవుతుందేమో?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పెద్ద మాటేమీ కాదు, పరిధిని మన నేల మీద నుంచే గీసుకోండి. నాగార్జునకొండలో బౌద్ధ ఉపాసిక బోధిసిరి వేయించిన ప్రాకృత శాసనం చూడండి. కశ్మీర, గాంధార, చీనా, వంగ దేశాల వారిని ధర్మంలోకి తెచ్చిన సింహళ థేరుల (పెద్ద భిక్షువుల) మాట అందులో ఉంది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు షూన్‌జాంగ్ ధాన్యకటకంలో (నేటి అమరావతి ప్రాంతం) ఆగి అభిధర్మం అనే బౌద్ధ తత్త్వశాస్త్రం చదువుకున్నాడు. దూరదేశాల ఓడ వర్తకులకు రక్షణ ఇస్తామని కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనమే వేయించాడు. నియమావళిలో ‘ఆసియా చరిత్ర, సంస్కృతి’ అనే రాసుకోండి. తొలి మూడేళ్ల పని మాత్రం కృష్ణా తీరానికి సముద్రం మీదుగా వచ్చినవి, ఇక్కడి నుంచి వెళ్లినవి అన్నంతవరకే పెట్టుకుంటే చేతిలో ఇమిడి ఉంటుంది.

ఇక రిజిస్ట్రేషన్. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. మెమొరాండం (సంఘం ఉద్దేశాల పత్రం), బైలాలు (నడిపే నియమాలు), సభ్యుల గుర్తింపు పత్రాలు, కార్యాలయ చిరునామాకు రుజువు పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. కార్యాలయం ఎవరి ఇంట్లోనైనా పెట్టుకుంటే ఆ ఇంటి యజమాని అంగీకార పత్రం ముందే రాయించి ఉంచండి. ప్రభుత్వ సంస్థ అనిపించే పేరు పెడితే అభ్యంతరం వస్తుంది, అందుకే రెండు మూడు పేర్లు అనుకుని వెళ్లండి.

బైలాలను వేరే సంఘం కాగితాల నుంచి దించుకోవద్దని గట్టిగా చెబుతాం. గొడవలన్నీ అక్కడే పుడతాయి. కోరం (సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) ఎంత, కార్యదర్శి వరసగా ఎన్నిసార్లు ఉండవచ్చు, చందా కట్టని సభ్యుడికి ఓటు ఉందా లేదా అన్న మూడూ స్పష్టంగా ఉండాలి. రెండొందల మంది సభ్యులున్న చోట సగం మంది కోరం అని రాసుకుంటే ఏ సర్వసభ్య సమావేశమూ చెల్లదు. సభ్యుల్లో పదో వంతు, లేదా ఇరవై మంది, ఏది తక్కువైతే అది అని రాసుకోవడం ఆచరణకు నిలుస్తుంది. సమావేశం అయిన 15 రోజుల్లోగా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు అందాలి. చాలా సంఘాలు దీన్ని ఏళ్ల తరబడి వదిలేస్తాయి. తీరా బ్యాంకులో సంతకాలు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు, కొత్త కార్యదర్శిని కార్యదర్శిగా చూపే కాగితమే దొరకదు.

శాశ్వత సభ్యత్వ రుసుం విషయంలో తొందరపడకండి. ఆ డబ్బు ఆ ఏటి ఆదాయం కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి వడ్డీ మాత్రమే వాడాలి. ఒక సభ్యుడికి ఏటా పత్రిక ముద్రణ, తపాలా కలిపి 250 రూపాయలవుతుందనుకోండి. వడ్డీ 7 శాతమైతే దానికి దాదాపు 3,570 రూపాయల మూలధనం కావాలి. ధరలు పెరిగేవే గనుక 5,000కు తక్కువ పెట్టకండి. వెయ్యి రూపాయలకే శాశ్వత సభ్యత్వం ఇచ్చేస్తే పదేళ్లకు సభ్యులుంటారు గానీ పత్రిక ఉండదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బంధువు మా పరిషత్తుకు లక్ష రూపాయలు ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, గ్రీన్‌కార్డు ఉన్నా ఫరవాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. అవి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. ‘మా తమ్ముడి ఖాతాలో వేయిస్తాం, వాడు మీకు ఇస్తాడు’ అనే దారి అసలు తొక్కకండి.

ప్రశ్న: మా సంఘం వార్షిక పత్రిక ఏటా ఆలస్యమవుతోంది. వచ్చినా పండితులు పట్టించుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక కార్యదర్శి, తెనాలి

జవాబు: సదస్సులో చదివిన ప్రతి పత్రాన్నీ అచ్చు వేస్తున్నారేమో చూడండి. రెండు జబ్బులకూ మూలం సాధారణంగా అదే. 1784లో కలకత్తాలో విలియం జోన్స్ మొదలుపెట్టిన ఏషియాటిక్ సొసైటీ అయినా, 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆంధ్ర చరిత్ర పరిశోధక సంఘం అయినా ఇవాళ్టికీ పరిశోధకుల నోట వినిపిస్తున్నాయంటే అవి అచ్చువేసిన సంపుటాల వల్లే.

జనవరిలో సదస్సు జరిగితే మార్చి 31కల్లా సవరించిన పత్రాలు చేరాలి. రానివాటి కోసం ఆగకండి, వచ్చే సంపుటికి పంపేయండి. రచయిత పేరు తీసేసి ఇద్దరు పరిశీలకులకు నెల గడువుతో ఇవ్వండి. వాళ్లలో కనీసం ఒకరు మీ సంఘం బయటివారై ఉండాలి. వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న: రచయిత శాసన పాఠాన్ని స్వయంగా చూశారా, లేక మరొకరి పుస్తకం నుంచి ఎత్తి రాశారా? బోధిసిరి శాసనాన్ని ఉదహరిస్తే శాసన పాఠాలు అచ్చువేసిన ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 20వ సంపుటం అని, పుట సంఖ్యతో సహా ఉండాలి. ‘చరిత్రకారుల అభిప్రాయం’ అని మాత్రమే ఉన్న వాక్యాన్ని వెనక్కి పంపండి, ఎంత పెద్దవారు రాసినా సరే.

అచ్చు దగ్గర రెండు మాటలు. డెమ్మీ 1/8 సైజు పుస్తకంలో ఫారానికి (ఒకేసారి అచ్చయ్యే కాగితానికి) 16 పేజీలు. 160 పేజీలైతే సరిగ్గా పది ఫారాలు, 163 అయితే పదకొండో ఫారం దాదాపు ఖాళీగా పోతుంది. డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని ‘అను’ ఫాంటులో కూర్చితే ఆ ఫైలులో వెతుకులాట కుదరదు. యూనికోడ్ ప్రతి కూడా ఇవ్వాలని ముందే ఒప్పుకున్నాకే పని అప్పగించండి. పత్రికలను గుర్తించే ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్య ఢిల్లీలోని జాతీయ కేంద్రం ఉచితంగా ఇస్తుంది, దళారులకు డబ్బులు కట్టకండి.

ప్రశ్న: ఒక సభ్యుడు తాత గారి తాళపత్రాల కట్ట ఇస్తానంటున్నారు. దాచడం ఎలా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: ముందు దానపత్రం రాయించుకోండి. లేకపోతే పదేళ్లకు వారసులు వచ్చి అడుగుతారు. కట్ట విప్పేముందు ఉన్న వరసలోనే ఫొటోలు తీయండి. అతుక్కుపోయిన ఆకులను లాగితే పైపొర, దాంతో అక్షరాలు ఊడివస్తాయి, వాటిని నిపుణులకే వదలండి. తడిగుడ్డ పెట్టవద్దు, ల్యామినేషన్ చేయించవద్దు. దుమ్మును మెత్తని కుంచెతో దులిపితే చాలు. గంటంతో చెక్కిన రాత కనిపించకపోతే దీపపు మసి రుద్దే పద్ధతి ఉంది గానీ, సిరాతో రాసిన ఆకుకు అది పనికిరాదు, ఉన్న రాత కూడా చెరిగిపోతుంది. రెండు చెక్కపలకల మధ్య పెట్టి, నూలుగుడ్డ చుట్టి, గోడకు తగలని బీరువాలో ఉంచండి. వానాకాలంలో నెలకోసారి తీసి పురుగు చేరిందేమో చూడండి.