ముందు ఫొటోలు బయటికి తీయి, రిపేరు సంగతి తర్వాత

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలో ఎర్రర్ మెసేజ్ సగమే పడింది. అయినా కంప్యూటర్‌లోకి ఐప్యాడ్ బ్యాకప్ (అందులో ఉన్నవాటి నకలు) తీస్తుంటే మధ్యలో ఆగుతోందన్నంత వరకు తెలిసింది. ఐప్యాడ్ మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెట్టనా అని అడిగావు. ఆ పని మాత్రం చేయకు. ఇట్లాంటప్పుడు చాలాసార్లు ఐప్యాడ్‌లో ఏ లోపమూ ఉండదు. కంప్యూటర్‌లో జాగా లేకనో, కేబుల్ మంచిది కాకనో ఆగిపోతుంది. బ్యాకప్ లేకుండా చెరిపేస్తే పిల్లల ఫొటోలు మళ్లీ ఎక్కడి నుంచి తెస్తావు?

అందుకే ముందు ఫొటోలు, వీడియోలు బయటికి తీసి పెట్టుకో. దానికి ఐట్యూన్స్‌తో (నువ్వు బ్యాకప్ తీసే ఆపిల్ ప్రోగ్రాం) పని లేదు. ఐప్యాడ్ లాక్ తీసి కేబుల్ పెట్టు. తెర మీద అడిగితే ‘అలౌ’ నొక్కు. కంప్యూటర్‌లో ‘దిస్ పీసీ’ తెరిస్తే ఐప్యాడ్ కనిపిస్తుంది. దాని లోపల డీసీఐఎం ఫోల్డర్‌లో అన్నీ ఉంటాయి. ఒకేసారి మొత్తం లాగకు, ఒక్కో ఫోల్డర్ కాపీ చెయ్యి. మధ్యలో ‘డివైజ్ ఈజ్ నాట్ ఫంక్షనింగ్’ అని వస్తే ఐప్యాడ్ పాడైందని గాబరా పడకు. కాపీ చేసేటప్పుడే అది ఫొటోలను జేపీజీ అనే మామూలు ఫొటో ఫైలు రకంలోకి మార్చబోయి తడబడుతుంది, అంతే. సెట్టింగ్స్‌లో ఫొటోస్‌కు (కొత్త వెర్షన్లలో ‘యాప్స్’ లోపల ఉంటుంది) పోయి, అన్నిటికన్నా కింద ఉండే ‘ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ’ దగ్గర ‘కీప్ ఒరిజినల్స్’ పెట్టు. కాపీ సాఫీగా సాగుతుంది.

అక్కడే ఇంకోటి చూడు. ఐక్లౌడ్ ఫొటోస్ (ఫొటోలను ఇంటర్నెట్‌లో ఆపిల్ దగ్గర దాచే ఏర్పాటు) ఆన్‌లో ఉండి, ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ అని టిక్ ఉంటే, అసలు సైజు ఫొటోలు చాలావరకు ఐప్యాడ్‌లో ఉండవు, చిన్న కాపీలే ఉంటాయి. అసలువి ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లోకి పోయి దించుకోవాలి. పైగా ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఆ ఫొటోలు కంప్యూటర్ బ్యాకప్‌లోకి రావు. ఇది తెలియక, బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది.

చెరువుగట్టు జాతరలో అగ్నిగుండాల వీడియో తీశావు కదా, అది హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కడం లేదన్నావు. ఆ డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటితే పట్టదు, డిస్క్ సగం ఖాళీగా ఉన్నా సరే. ఐప్యాడ్‌లో 4కే వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ తింటుంది. అంటే అరగంట తీస్తే ఆ గీత దాటినట్టే. డిస్క్‌ను ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి మారిస్తే సరిపోతుంది. కానీ ఫార్మాట్ చేస్తే దాంట్లో ఉన్నదంతా పోతుంది కాబట్టి, ముందు అందులోవి ఇంకోచోట పెట్టుకుని తర్వాత ముట్టుకో.

ఫొటోలు చేతికొచ్చాయి అనుకున్నాక అసలు బ్యాకప్ సంగతి చూద్దాం. నాకున్న మొదటి అనుమానం సీ డ్రైవ్ మీదే. మీ ఇంటి కంప్యూటర్‌లోనే మీ ఆయన రైస్ మిల్లు లెక్కలు కూడా నడుస్తున్నాయి. ఐట్యూన్స్ బ్యాకప్‌ను ఎక్కడ పెట్టాలో మనల్ని అడగదు, నేరుగా సీ డ్రైవ్‌లోకే తోస్తుంది. డీ డ్రైవ్ ఎంత ఖాళీగా ఉన్నా దానికి పట్టదు. ఇది నాకు అస్సలు నచ్చని ఏర్పాటు, కానీ ఏం చేస్తాం. ఐప్యాడ్‌లో ఎన్ని జీబీలు వాడావో చూసి, కనీసం అంత ఖాళీ సీ డ్రైవ్‌లో ఉండేట్టు చూసుకో. రీసైకిల్ బిన్, డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తేనే చాలా జాగా వస్తుంది. మిల్లు లెక్కల ఫోల్డర్ జోలికి మాత్రం పోకు, తర్వాత ఆ గొడవ నా మీదికొస్తుంది.

‘ఐప్యాడ్ డిస్‌కనెక్ట్ అయింది’ అని మెసేజ్ వస్తే మాత్రం అనుమానం కేబుల్ మీదికి మళ్లాలి. రోడ్డు పక్కన బండి మీద దొరికే కేబుళ్లలో కొన్నింటికి చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఇంకొన్ని డేటా పంపుతాయి కానీ కొంచెం కదిలితే తెగిపోతాయి. డబ్బాలో వచ్చిన కేబుల్ వెతికి తీసి, సీపీయూ వెనకవైపు పోర్టుకు పెట్టు. మధ్యలో హబ్‌లు వద్దు. కంప్యూటర్ నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ ‘నెవర్’ అని పెట్టు. యూపీఎస్ లేదు కాబట్టి కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకుని మొదలుపెట్టు.

నువ్వు బ్యాకప్ నొక్కేసి వంటింట్లోకి పోతున్నావేమో అని కూడా నా అనుమానం. ఇప్పుడు బ్యాకప్ మొదలుపెట్టినప్పుడల్లా ఐప్యాడ్ తెర మీద పాస్‌కోడ్ అడుగుతుంది. అది కొట్టేదాకా కంప్యూటర్ ఎదురుచూసి, చివరికి ఫెయిల్ అంటుంది. కొట్టేదాకా అక్కడే ఉండు.

‘బ్యాకప్ కరప్ట్ అయింది’ అంటే పాత బ్యాకప్ ఫైళ్లు చెడిపోయాయని. ఇక్కడ కూడా డిలీట్ మాట ఎత్తకు. ఐట్యూన్స్ ప్రిఫరెన్సెస్‌లో డివైజెస్ అనే చోట బ్యాకప్‌ల పేర్లుంటాయి. దాని మీద రైట్ క్లిక్ చేసి ఫోల్డర్ చూపించమను. ఐట్యూన్స్ మూసేసి, ఆ ఫోల్డర్‌ను కట్ చేసి డీ డ్రైవ్‌లో పెట్టు. తర్వాత కొత్త బ్యాకప్ తీయి. అది పూర్తయ్యాక కూడా కొన్నాళ్లు పాతది ఉండనీ. యాంటీవైరస్ అడ్డం పడుతోందనిపిస్తే బ్యాకప్ అయ్యేంత సేపు ఆపి, మళ్లీ ఆన్ చెయ్యి.

పాస్‌వర్డ్ సంగతి. ‘ఎన్‌క్రిప్ట్ లోకల్ బ్యాకప్’ అంటే బ్యాకప్‌కు పాస్‌వర్డ్‌తో తాళం వేయడం. ఆ టిక్ పెడితేనే దాచుకున్న పాస్‌వర్డ్‌లు, హెల్త్ వివరాలు బ్యాకప్‌లోకి వస్తాయి. నేనైతే పెట్టమంటాను. కానీ ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ బ్యాకప్ ఎవరి వల్లా తెరుచుకోదు, ఆపిల్ వాళ్లు కూడా తెరవలేరు. డైరీలో రాసిపెట్టు. ఇప్పటికే మరిచిపోయి ఉంటే ‘రీసెట్ ఆల్ సెట్టింగ్స్’ చేసి కొత్త పాస్‌వర్డ్‌తో కొత్త బ్యాకప్ తీసుకోవచ్చు. వైఫై పాస్‌వర్డ్‌లు, వాల్‌పేపర్ లాంటివి పోతాయి తప్ప ఫొటోలు పోవు. కానీ ఆ రీసెట్ పక్కనే ‘ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్’ ఉంటుంది. దాన్ని నొక్కావంటే ఐప్యాడ్‌లో ఉన్నదంతా పోయినట్టే. ఆ పేజీ తెరిచేటప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యి, ఇద్దరం కలిసి చేద్దాం.

ఇక మీ అమ్మ ఫోన్. అది ఆండ్రాయిడ్ కాబట్టి పైన చెప్పినవి దానికి వర్తించవు. కేబుల్ పెట్టగానే అది చార్జింగ్ మాత్రమే తీసుకుంటుంది. పైనుంచి నోటిఫికేషన్ లాగి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుంటేనే కంప్యూటర్‌లో కనిపిస్తుంది. ఆమె వాట్సాప్ బ్యాకప్ ఆగిపోయిందన్నావు కదా, అది గూగుల్ ఖాతాలో జాగా నిండిపోవడం వల్లే అయ్యుంటుంది. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. వాట్సాప్ బ్యాకప్ అంతకుముందు అందులో లెక్కకు వచ్చేది కాదు, 2024 నుంచి వస్తోంది. బంధువుల గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తే చాలు, డబ్బు కట్టే పని ఉండకపోవచ్చు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’ అని ఉంది, అక్కడ పెద్ద ఫైళ్లే ముందు కనిపిస్తాయి. అమ్మను పక్కన కూర్చోబెట్టుకునే తీయి. ఏ పెళ్లి వీడియో ముఖ్యమో, ఏది కాదో ఆమెకే తెలుసు.

మీ మామ,
నల్లగొండ